అబ్బాయి మొదటి గడ్డానికి ఏ రేజర్ కొనాలి?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది జమ్మికుంట దగ్గర పల్లె. మా ఆయన ఎనిమిదేండ్ల సంది కువైట్ల పని చేస్తుండు. మా కొడుక్కు పదహారు నిండినయ్. హన్మకొండల ఇంటర్ చదువుతుండు, హాస్టల్ల ఉంటడు. నూనూగు మీసాలు, గదుమ మీద ఆడొకటి ఈడొకటి వెంట్రుకలు వచ్చినయ్. దోస్తులు నవ్వుతున్నరని మూడు బ్లేడ్ల రేజర్ కొనుక్కొని ఎవ్వలికి చెప్పకుండ గీసుకున్నడు. మెడ మీద ఎర్రగ పొక్కులు లేచినయ్. ఇప్పుడు ఫోన్ల వీడియోలు చూసి, పాత పద్ధతిల బ్రష్షు, సబ్బు, ఒక్క బ్లేడు రేజర్ కావాలె, అట్లయితె పొక్కులు రావు అంటుండు. నాలుగు వేల సెట్టు ఒకటి చూపిచ్చిండు. దాంట్ల కటింగ్ షాపుల ఉండే మడత కత్తి గూడ ఉన్నది. నాకు చూస్తెనే భయమైంది. మా మామ వాడిన ఇత్తడి రేజర్ ఇంట్ల పెట్టెల ఉన్నది, అది ఇయ్యొచ్చునా? మా అత్తమ్మనేమో ఇప్పటి సంది గీస్తె గడ్డం మోటుగ మొలుస్తది, మంగళవారం శుక్రవారం అస్సలు గీయొద్దు అంటది. మా ఆయనకు శుక్రవారం ఒక్కనాడే సెలవు. ఏం కొనాలె, ఎవలు నేర్పాలె, జర చెప్పుండ్రి.
ఒక తల్లి

జవాబు: చెల్లెమ్మా, ముందు మీ భయం తీరే మాట చెబుతాను. మడత కత్తి వద్దు. నాలుగు వేలూ వద్దు. ఒక మంచి రేజరు, ఒక బ్రష్షు, ఒక క్రీము ట్యూబు, రెండు మూడు రకాల బ్లేడ్లు, ఒక పటిక ముక్క, అన్నీ కలిపి పదిహేను వందల లోపే వస్తాయి. మీ మామగారి ఇత్తడి రేజర్‌ను మాత్రం పాత సామాను వాళ్లకు వేయకండి. దానితో ఒక పని ఉంది, ఆ సంగతికి తర్వాత వస్తాను.

మీ వాడు వీడియోలు చూసి నేర్చినా, చెప్పిన మాటలో నిజం ఉంది. జంట బ్లేడ్ల రేజర్ అమెరికాలో 1971లో వచ్చింది. ఆ తర్వాత బ్లేడ్లు మూడయ్యాయి, అయిదయ్యాయి. వాటిలో ముందు బ్లేడు వెంట్రుకను పట్టి కొంచెం పైకి లాగుతుంది. అది మళ్లీ లోపలికి పోయేలోగా వెనక బ్లేడు ఇంకాస్త కింద కోస్తుంది. అలా తెగిన మొన చర్మం కిందికి దిగిపోతుంది. నిటారుగా మొలిచే వెంట్రుకైతే ఎలాగో బయటికి వచ్చేస్తుంది. మెడ మీద వెంట్రుకలు చాలామందికి ఒరిగి మొలుస్తాయి. అందులోనూ ఉంగరాల జుట్టయితే దారి దొరక్క చర్మంలోకే గుచ్చుకుంటాయి. మీ వాడి మెడ మీది ఎర్ర పొక్కులు చాలావరకు అవే అయివుంటాయి. ఒకే బ్లేడయితే చర్మం మట్టానికి కోసి వదిలేస్తుంది కాబట్టి ఈ బాధ తగ్గుతుంది. తగ్గుతుంది అంటున్నాను, అసలే ఉండదని చెప్పలేను. ఒక్క బ్లేడునయినా అదిమిపట్టి ఎదురు గీస్తే మళ్లీ అవే పొక్కులు.

అందుకని కొత్త సామాను వచ్చినా సరే, ఆ మెడను రెండు మూడు వారాలు ముట్టుకోవద్దనండి. గిల్లొద్దు, పిన్నుతో వెంట్రుక లాగొద్దు. ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. మందుల షాపుకు పోయి ‘ముఖం మీద పొక్కులు, ఏదైనా ట్యూబు ఇవ్వండి’ అని అడగనివ్వకండి. అలా అడగ్గానే చేతిలో పెట్టే ట్యూబుల్లో కొన్నింటిలో స్టిరాయిడ్ ఉంటుంది. రెండు రోజుల్లో ఎరుపు పోయి ముఖం తేటగా కనిపిస్తుంది, పిల్లలు సంబరపడి రోజూ పూస్తారు. నెలలు గడిచేసరికి చర్మం పలచబడి, సన్నని రక్తనాళాలు పైకి తేలి, ఎండ తగిలితే మండుతుంది. మానేస్తే మొటిమలు ఇంతకింత లేస్తాయి. మంచి రంగు ముఖాలు ఇలా పాడుచేసుకున్న పిల్లలను నేను చూశాను, వాళ్లు గుర్తొస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది. పొక్కుల్లో చీము పట్టినా, ముట్టుకుంటే నొప్పి పుట్టినా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో చర్మ వ్యాధుల డాక్టర్లు ఉంటారు, ఒక పూట పోతే పోయింది, చూపించండి.

మీ అత్తమ్మ మాటలు రెండు. గీస్తే మోటుగా మొలుస్తుందనేది మన ఇళ్లలోనే కాదు, లోకమంతా అనుకునే మాట. 1928లోనే మిల్డ్రెడ్ ట్రాటర్ అనే అమెరికా శాస్త్రవేత్త కొందరు మగవాళ్లు గీసుకున్న గడ్డం వెంట్రుకలను నెలల తరబడి పోగుచేసి కొలిచి చూసింది. లావు పెరగలేదు, వేగమూ పెరగలేదు. వెంట్రుక పుట్టుకతో మొన సన్నగా ఉంటుంది, మొదలు లావుగా ఉంటుంది. నడిమికి కోస్తే తెగిన చోటు మొద్దుగా చేతికి తగులుతుంది, అంతే. పదహారేళ్ల పిల్లవాడికి గడ్డం ఎలాగూ ఏటికేడు దట్టమవుతుంది. అది వయసు చేసే పని. వారాల పట్టింపు మాత్రం ఇంటి ఆచారం. దాన్ని తప్పమని నేను చెప్పను, తప్పాల్సిన అవసరమూ రాదు. ఇంకా చెప్పాలంటే ఆ శుక్రవారమే మనకు పనికొస్తుంది.

ఇక సామాను సంగతి.

రేజర్ దగ్గరే కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే తప్పు కొనేది ఇక్కడే. ఒక్క బ్లేడు రేజర్లలో ఒక రకం పిడి అడుగున తిప్పితే పైన రెండు రెక్కలు తలుపుల్లా తెరుచుకుంటాయి. ఇంకో రకం మూడు ముక్కలుగా ఊడివస్తుంది, పైమూత, కింది పలక, పిడి. మీరు మూడు ముక్కలదే తీసుకోండి. రెక్కల రేజర్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ లోపల సన్న సన్న కీళ్లు ఉంటాయి. మన బోరు నీళ్ల తెల్ల పొర, సబ్బు జిడ్డు ఆ కీళ్లలో పేరుకుని కొన్నాళ్లకు రెక్కలు సరిగా మూసుకోవు. ఒక పక్క బ్లేడు ఎక్కువ బయటికి, ఒక పక్క తక్కువ బయటికి వస్తుంది. మూడు ముక్కలదయితే విప్పి కుళాయి కింద పెడితే శుభ్రమైపోతుంది, చెడిపోవడానికి అందులో ఏమీ లేదు.

కింది పలక అంచు చూడండి. కొన్నింటికి దువ్వెన పళ్లలా ఉంటుంది, కొన్నింటికి నున్నటి పట్టీ ఉంటుంది. పళ్లది దట్టమైన గడ్డానికి, చెయ్యి తిరిగిన వాళ్లకు. మీ వాడికి పట్టీది. తర్వాత, బ్లేడు వేసి బిగించి పక్క నుంచి చూస్తే బ్లేడు అంచు ఎంత పొడుచుకొచ్చిందో కనిపిస్తుంది. పైమూత అంచు నుంచి పట్టీ అంచుకు ఒక గీత గీసినట్టు ఊహించుకోండి. బ్లేడు ఆ గీత దాటి బయటికి వస్తుంటే అది కరిచే రేజర్. గీతను తాకీ తాకనట్టు ఉంటే మెత్తనిది. అమ్మేవాళ్లు దీన్నే ‘మైల్డ్’ అంటారు. అబ్బాయి దగ్గరున్నది నూగు, కాబట్టి మైల్డ్‌కు మించి ఏదీ అక్కర్లేదు. తిప్పితే బ్లేడు బయటికి వచ్చే కొలత మారే రేజర్లు కూడా ఉంటాయి. ఈ వయసులో అవి వద్దు, చెయ్యి ఊరుకోక రెండో రోజే పై అంకెకు తిప్పేస్తారు.

ప్లాస్టిక్ పిడి రేజర్ వంద రూపాయలకే వస్తుంది, అయినా కొనొద్దు. అది తేలికగా ఉంటుంది కాబట్టి తెగడం లేదనిపించి చెయ్యి అదుముతుంది. రక్తం వచ్చేది అక్కడే. లోహపు రేజర్ డెబ్బై ఎనభై గ్రాములుంటే తన బరువుతో తానే దిగుతుంది, మనం ఊరికే పట్టుకుంటే చాలు. అయితే తళతళలాడే లోహమంతా ఒకటి కాదు. చౌక సెట్లలో జింకు మిశ్రమం మీద పూత వేస్తారు. నేను ఒకసారి అలాంటి సెట్టు మెరుపు చూసి కొన్నాను. ఏడాదికి పూత పొట్టులా లేచింది, ఒకరోజు బాత్‌రూమ్ బండల మీద పడితే మరలు ఉండే కొస పుటుక్కున విరిగింది. ఇత్తడి మీద క్రోమ్ పూత ఉన్నది అయితే పడినా నిలుస్తుంది. అడిగి, రాసి ఉన్నది చదివి కొనండి. ఏడెనిమిది వందల నుంచి వెయ్యి దాకా పెడితే మంచిది దొరుకుతుంది. మొత్తం సామానులో డబ్బు పెట్టాల్సిన వస్తువు ఇదొక్కటే. స్టాండు, తోలు సంచీ, చెక్క పెట్టె, పింగాణీ గిన్నె, ఆ నాలుగు వేలలో సగం వీటికే పోతుంది. నురగ చేయడానికి మీ వంటింట్లో స్టీలు గిన్నె చాలదా?

బ్లేడు మందం మిల్లీమీటరులో పదో వంతు. కొన్ని రూపాయల వస్తువు, కానీ ముఖానికి తగిలేది అదే. టోపాజ్, 7 ఓ క్లాక్, సూపర్‌మ్యాక్స్, విల్కిన్‌సన్, ఇలా ఏవి దొరికితే అవి రెండు మూడు రకాలు ఒక్కొక్క చిన్న ప్యాకెట్టు తీసుకోండి. ఏ ముఖానికి ఏది పడుతుందో వాడితేనే తెలుస్తుంది, నా మాట వినో ఇంకొకరి మాట వినో వంద బ్లేడ్ల డబ్బా తెప్పించొద్దు. జపాన్ ఫెదర్ బ్లేడు చాలా పదునని వీడియోల్లో పొగుడుతుంటారు. ఆ పదును వల్లనే మొదటి ఏడాది దాని జోలికి పోవద్దు. ఒక బ్లేడు మూడు నాలుగు సార్లకు సరిపోతుంది. లాగినట్టు అనిపిస్తే అంతకు ముందే మార్చాలి. బ్లేడు పొడవాటి అంచులకే పదును ఉంటుంది, పొట్టి అంచులకు ఉండదు. ఎప్పుడు పట్టుకున్నా పొట్టి అంచుల దగ్గరే పట్టుకోవాలి. తువ్వాలతో బ్లేడును తుడవకూడదు, వేళ్లకూ మంచిది కాదు, అంచు మీది సన్నని పూతకూ మంచిది కాదు.

బ్రష్షు నైలాన్ లాంటి కృత్రిమ పోగులది తీసుకోండి, మూడు వందల లోపు వస్తుంది. చౌకలో దొరికేవాటిలో పంది వెంట్రుకల బ్రష్షులూ ఉంటాయి. పట్టింపు ఉన్న ఇళ్లలో తెలియక కొని తర్వాత నొచ్చుకుంటారు, అందుకే చెబుతున్నాను. పట్టింపు లేకపోయినా అది కొత్తలో వాసన వస్తుంది, కొన్నాళ్లు నానబెట్టి వాడితే గానీ మెత్తబడదు, హాస్టల్ గదిలో తొందరగా ఆరదు. కృత్రిమ పోగులు విదిలిస్తే ఆరిపోతాయి.

సబ్బా, క్రీమా అంటే మీ వాడికి క్రీమే. దీనికి కారణం నీళ్లు. మన వైపు చాలా ఊళ్లలో బోరు నీళ్లతో పప్పు ఉడకదు, బట్టల సబ్బు నురగ రాదు. గిన్నె అడుగున తెల్ల పెచ్చు కడుతుంది. ఆ నీళ్లలోని సున్నం గడ్డం సబ్బును కూడా పాలు విరిగినట్టు విరగ్గొడుతుంది. నురగ రెండు నిమిషాల్లో ఆరిపోయి ముఖం మీద పొడి పొరలా మిగులుతుంది. దాని మీద బ్లేడు ఆడిస్తే మంట. వీడియోలు చేసేవాళ్ల నీళ్లు వేరు, మన నీళ్లు వేరు, ఈ సంగతి వాళ్లు చెప్పరు. ట్యూబు క్రీము ఇలాంటి నీళ్లను కొంత తట్టుకుంటుంది. గోద్రెజ్, పామోలివ్, వి-జాన్, కిరాణంలో ఏది ఉంటే అది. ఘాటు వాసన, చల్లదనం ఎక్కువున్నవి మాత్రం పొక్కులున్న ముఖానికి వద్దు. దానికి తోడు ఒక మగ్గు మంచినీళ్లు వాడమనండి. ఇంట్లో అయితే మిషన్ భగీరథ పథకం నల్లా నీళ్లు, హాస్టల్‌లో అయితే తాగే ఫిల్టరు నీళ్లు. ముఖం కడుక్కోవడానికి బోరు నీళ్లున్నా పరవాలేదు, నురగ చేయడానికి మాత్రం ఆ మగ్గు నీళ్లే. ఎవరికి కొత్త రేజర్ మీద కొత్త రేజర్ కొన్నా మంట తగ్గడం లేదో, వాళ్లను నేను ముందు అడిగేది నీళ్ల గురించే.

పటిక మీకు తెలిసిందే, కటింగ్ షాపుల్లో ఫిట్కిరి అంటారు. ఇరవై ముప్పై రూపాయల ముక్క ఏళ్ల తరబడి వస్తుంది. గీసుకున్నాక చల్లటి నీళ్లతో కడుక్కుని, తడి ముఖం మీద దాన్ని ఒకసారి తిప్పితే చిన్న చిన్న గాట్ల నుంచి వచ్చే రక్తం ఆగుతుంది. ఎక్కడ మండుతుందో అక్కడ చెయ్యి అదిమిందని కూడా అర్థం. ఒక నిమిషం ఉంచి కడిగేయాలి. మండే ఆఫ్టర్‌షేవ్ నీళ్లు కొనకండి. కొబ్బరి నూనె రాయడం మన ఇళ్లలో అలవాటు, మొటిమలున్న పిల్లల ముఖానికి అది మొటిమలను పెంచుతుంది, మానిపించండి.

మడత కత్తి ఎందుకు వద్దన్నానో అబ్బాయికి కారణం చెప్పాలి, ఊరికే వద్దంటే ఇంకెక్కడో కొంటాడు. అసలైన కత్తికి అప్పుడప్పుడు పదును పెట్టాలి, గీసే ముందు ప్రతిసారీ తోలు పట్టీ మీద నూరాలి. అది విడిగా నేర్చుకోవాల్సిన విద్య. ఇప్పుడు షాపుల్లో వాడేది సగం బ్లేడు పెట్టే కత్తి. దానికి నూరే పని లేదు, కానీ బ్లేడుకు చర్మానికి నడుమ అడ్డం ఏదీ లేదు. కటింగ్ షాపులో పనిచేసే అన్నలు పక్కన గురువు నిలబడి చూస్తుండగా ఎన్నో నెలలు చెయ్యి తిప్పాకే మనిషి మెడ మీద అది పెడతారు. పైగా వాళ్లు గీసేది ఎదుటి మనిషికి. మన ముఖానికి మనమే, అద్దంలో కుడి ఎడమ తారుమారు చూసుకుంటూ, ఎడమ చేత్తో కూడా పట్టడం వేరే సంగతి. పాతికేళ్లు వచ్చాక ఇష్టముంటే నేర్చుకోమనండి.

ఇక తాత రేజర్. అమెరికాలో కింగ్ జిల్లెట్ అనే ఆయన 1901లో కంపెనీ పెట్టి, 1904లో ఈ రెండంచుల బ్లేడు రేజర్‌కు పేటెంటు పొందాడు. అమ్మకాలు మొదలైన 1903వ సంవత్సరంలో అమ్ముడుపోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. అప్పటి నుంచి బ్లేడు నడిమి రంధ్రాల తీరు మారింది గానీ కొలత దాదాపు అదే. అందుకే మీ మామగారి రేజర్‌లో ఇవాళ జమ్మికుంట కిరాణంలో కొన్న బ్లేడు కూర్చుంటుంది. గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు కలిపి ఒక పూట నానబెట్టి, పాత పళ్ల బ్రష్షుతో మెల్లగా రుద్దండి. ఇత్తడి మెరవాలని చింతపండుతో మరీ తోమకండి, పూత ఏమైనా మిగిలి ఉంటే పోతుంది. ఆరాక దూదితో స్పిరిటు తుడవండి. తర్వాత కొత్త బ్లేడు వేసి బిగించి వెలుతురుకు పట్టి చూడండి. రెండు వైపులా బ్లేడు ఒకే తీరుగా బయటికి కనిపించాలి. ఒక పక్క ఎక్కువ ఉంటే పలక వంగిందన్నట్టు, అలాంటిది ముఖానికి పెట్టకూడదు. రెండు పక్కలూ సమానంగా ఉన్నా సరే, మొదటి ఏడాది కొత్త మైల్డ్ రేజరే వాడనివ్వండి. పాతకాలపు రేజర్లలో కొన్ని బాగా కరుస్తాయి, పెట్టెలో ఉన్నది ఏ రకమో గీస్తే తప్ప తెలియదు. ఆ పరీక్ష పిల్లవాడి ముఖం మీద వద్దు.

ఎవరు నేర్పాలి అన్నారు. వాళ్ల బాపే నేర్పాలి. కువైట్ నుంచే.

నాకు పదిహేడో ఏట ఎవరూ నేర్పలేదు. మా నాయన కాజీపేట రైల్వేలో చేసేవాడు, నైట్ డ్యూటీ దిగి వచ్చి పడుకునేవాడు. ఆయన లేవకముందే ఆయన రేజర్ తీసి, బట్టల సబ్బు రుద్దుకుని, పెన్సిలు చెక్కినట్టు గీశాను. పైపెదవి మీద ఇప్పటికీ చిన్న గీత ఉంది, అక్కడ మీసం మొలవదు. నాయన లేచి చూసి తిట్టలేదు. రేజర్‌లోంచి బ్లేడు తీసేసి, నా ముఖానికి నిండా నురగ పూసి, ‘ఇప్పుడు ఈ నురగ తీయి’ అని రేజర్ చేతికిచ్చాడు. మూడు రోజులు అదే పని. నాలుగో రోజు బ్లేడు వేశాడు. ఇంత కాలం తర్వాత కూడా నాకు గడ్డం గీయడం అంటే ఆ మూడు రోజులే.

మీరూ అదే చేయించండి. దసరా సెలవులకు వాడు ఇంటికి వస్తాడు, అందులో ఒక శుక్రవారం పడుతుంది. కువైట్‌లో పొద్దున పదయితే మన దగ్గర పన్నెండున్నర. మీ ఆయన అక్కడ తన అద్దం ముందు, అబ్బాయి ఇక్కడ ఫోను ముందు. వాడి చేతిలో తాత రేజర్, బ్లేడు లేకుండా. వెంట్రుక ఒక్కటీ తెగదు కాబట్టి ఆచారమూ తప్పదు. అత్తమ్మను కూడా పక్కన కూర్చోబెట్టండి. ఆ రేజర్‌ను ఆమె ఎన్నేళ్లు మామగారి చేతిలో చూసిందో.

ఆ రోజు నేర్పాల్సింది నురగ, కోణం, బరువు. ముందు ముఖానికి రెండు మూడు నిమిషాలు గోరువెచ్చటి నీళ్లు పట్టించాలి, లేదా స్నానం చేసి నేరుగా రావాలి. తడిసిన వెంట్రుక ఉబ్బి మెత్తబడుతుంది. బ్రష్షు నీళ్లలో ముంచి విదిలించి, గిన్నెలో చిక్కుడు గింజంత క్రీము వేసి తిప్పాలి. ఆరినట్టుంటే నాలుగు చుక్కలు నీళ్లు, మళ్లీ తిప్పడం. పెద్ద పెద్ద బుడగలుంటే ఇంకా కాలేదు. చిలికిన పెరుగు మీది వెన్నలా నున్నగా, తడిగా మెరుస్తుండాలి. తర్వాత కోణం. రేజర్ తలను చెంపకు ఆనించి పిడిని అడ్డంగా, నేలకు సమానంగా పట్టమనండి. అప్పుడు బ్లేడు తగలదు. పిడిని మెల్లగా కిందికి దించుతుంటే ఒక చోట అంచు చర్మాన్ని తాకుతుంది, ఆ చోటే ఆపాలి. లెక్కకు ముప్పై డిగ్రీలు అంటారు, చేతికి తెలిస్తే లెక్క అక్కర్లేదు. ఇక బరువు. పిడి చివర రెండు వేళ్లతో పట్టుకుని, అంగుళం అంగుళం దించాలి. రెండో చేత్తో చర్మాన్ని కొంచెం సాగదీసి పట్టాలి. తండ్రి అక్కడ ఎలా పడుతున్నాడో వీడు చూస్తాడు, వీడు ఎక్కడ అదుముతున్నాడో ఆయనకు కనిపిస్తుంది.

మెడ మీద వెంట్రుకలు ఎటు మొలిచాయో వేలితో నిమిరి చూసుకోమనండి. నున్నగా జారితే అది వాలు, గరుకుగా తగిలితే ఎదురు. కొందరికి మెడ మీద పక్కకు, ఇంకొందరికి పైకి కూడా మొలుస్తాయి. కాగితం మీద ముఖం బొమ్మ గీసి బాణం గుర్తులు పెట్టుకుంటే ఇంకా మంచిది. మొదటి నాలుగైదు సార్లు వాలుకే, అదీ ఒక్కసారే గీయాలి. అక్కడక్కడా మిగిలిపోతాయి, మిగలనివ్వండి. నున్నగా రావాలని మళ్లీ మళ్లీ గీస్తేనే పొక్కులు.

హాస్టల్ గురించి రెండు మూడు మాటలు. ముందు వార్డెన్‌ను అడగండి, కొన్ని హాస్టళ్లలో బ్లేడ్లు పెట్టుకోనివ్వరు. ఒప్పుకోకపోతే గొడవ పడకండి. వాడి నూగుకు పది రోజులకు ఒకసారి చాలు, ఇంటికి వచ్చినప్పుడు గీసుకుంటాడు. నడుమ దోస్తులు నవ్వుతారనుకుంటే చిన్న ట్రిమ్మరు ఒకటి ఇవ్వొచ్చు. అది చర్మం మట్టానికి కోయదు, పొక్కులున్నప్పుడు కూడా పరవాలేదు. ఒప్పుకుంటే మాత్రం రేజర్‌ను, బ్లేడును ఎవరికీ ఇవ్వొద్దు, ఎవరిదీ తీసుకోవద్దు. ప్రాణ స్నేహితుడైనా సరే. కంటికి కనిపించని రక్తపు చుక్కతో కూడా హెపటైటిస్ బి, సి లాంటివి ఒకరి నుంచి ఒకరికి పోతాయి. కటింగ్ షాపుకు పోయినప్పుడు కూడా తన కళ్ల ముందు కొత్త బ్లేడు విప్పితేనే కుర్చీలో వెనక్కి వాలమనండి, అడగడానికి మొహమాటపడొద్దు. వాడిన బ్లేడును కాగితంలో చుట్టి చెత్తలో వేయకూడదు. పొద్దున్నే ఆ చెత్తను చేతులతో వేరు చేసే అక్కలుంటారు. ఖాళీ రేకు డబ్బా మూతకు సన్నగా ఒక చీలిక పెట్టి, అందులో వేస్తూ పోతే ఆ ఒక్క డబ్బా ఏళ్లు పడుతుంది. నిండాక టేపు వేసి, బ్లేడ్లని రాసి విడిగా ఇవ్వండి.

ఇక బ్లేడు వేసే రోజు ఆదివారం పెట్టుకోండి. ఆ రోజు మెడ జోలికి పోవద్దు, మొటిమలున్న చోటు వదిలేయాలి. రెండు చెంపలు, పైపెదవి, గదుమ, అంతే. పైపెదవి గీసేటప్పుడు పళ్ల మీదికి పెదవిని కిందికి లాగి పట్టమనండి. మీరు కావాలంటే గుమ్మం దగ్గర ఉండండి, చేతిలోంచి రేజర్ మాత్రం తీసుకోకండి. ఒకటి రెండు చోట్ల రక్తం చుక్క కనిపిస్తుంది, కంగారు పడకుండా పటిక తడిపి అందించండి. కువైట్‌కు ఫోను గీయడం అయ్యాక. గీసేటప్పుడు ఫోను పక్క గదిలో ఉండాలి, వాడి కళ్లు అద్దం మీదే ఉండాలి.